రాజ్యం మొక్కల్లో నేను దాచింది

ఇప్పుడు మా ఇంట్లో దగ్గు వినిపించడం లేదు. కిందటి ఏడాది మా ఇద్దరి ఛాతీ ఫోటోలూ వెలుగుకు పెట్టి చూసి, ఇక రానక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు. ఆ మాటతో జబ్బు అయిపోయింది. నాకు మాత్రం కుదురు రాలేదు. ఇలాంటి జబ్బుతో దిగులుపడుతున్నవాళ్ళకు నా అనుభవం కొంతైనా పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తే నా మనసు కూడా ఒక చోట నిలబడుతుందేమోనన్న ఆశ ఉంది. జబ్బు ఎవరికైనా వస్తుంది, అందులో నా గొప్పా తప్పూ లేవు. అది వచ్చాక నేనేం చేశానన్నదే ఇక్కడ చెప్పాల్సిన సంగతి.

మేం నరసరావుపేటలో, పత్తి మిల్లుల వైపు పోయే సందులో అద్దెకుంటాం. నేను ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాను. రెండు గదులు, వంటిల్లు, ముందు పొడుగాటి వసారా. ఆ వసారా నా భార్య రాజ్యానిది. నూనె డబ్బాలు, అడుగు చిల్లిపడిన బకెట్లు, మూతి విరిగిన కుండలు, ఏది దొరికితే దాంట్లో మట్టి నింపి మొక్క పెట్టేది. క్రోటన్లు, మరువం, కనకాంబరాలు, కిటికీ ఊచలకు పాకించిన మనీప్లాంటు. మా ఎండలకు మొక్కలు మాడిపోతాయని మధ్యాహ్నం వాటన్నిటినీ గదిలోకి మోసి, పొద్దు వాలాక మళ్ళీ వసారాలోకి మోసేది. ఆ మోత చూసి నేను నవ్వేవాణ్ణి. ఒక్క డబ్బా కూడా ఎత్తి సాయం చేసిన గుర్తు లేదు. ఆ పచ్చదనం మధ్య కూర్చుని టీ తాగడం మాత్రం నాకు ప్రాణం.

మాకు పిల్లలు లేరు. అందుకేనేమో, సాయంత్రాలు ఇల్లు నిండుగా ఉండాలని ఇద్దరికీ ఉండేది. పక్కింటి మస్తాన్ లారీల షెడ్డు నుంచి చేతులు కడుక్కుని వచ్చేవాడు. వాళ్ళమ్మాయి షమీమ్, ఐదారేళ్ళది, నా పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. ఎదురింటి సుబ్బారావు మాస్టారు క్యారమ్స్ ఆడేందుకు వచ్చేవారు. ఎవరు వచ్చినా నేను లోపలికి ఒక కేక వేసేవాణ్ణి, "రాజ్యం, టీ!" అని. టీ వచ్చేది, వెనకే ఉల్లిపాయ పకోడీలు వచ్చేవి. కోటేశ్వరరావు ఇంటికి పోతే మర్యాద బాగుంటుందని నలుగురూ అనుకునేవాళ్ళు. పేరు నాది, పొయ్యి దగ్గర చెమట ఆమెది.

ఇంటికి వచ్చిన ఆడవాళ్ళను రాజ్యం వట్టి చేతులతో పంపేది కాదు. ఒక కొమ్మ తుంచి, చిన్న డబ్బాలో మట్టితో సహా పెట్టి ఇచ్చేది. ఆమెకు అది బొట్టు పెట్టి సాగనంపడం లాంటిది. మా సందులో ఏ గుమ్మం ముందు చూసినా మా ఇంటి క్రోటన్ ఒకటి కనిపించేది.

ఎనభై మూడు చలికాలం

పత్తి సీజను మొదలైతే మిల్లులో అందరూ దగ్గుతారు. గాలిలో నూగు తేలుతుంటుంది, కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకుంటుంది. కాబట్టి నా దగ్గును నేనూ పట్టించుకోలేదు, ఎవరూ పట్టించుకోలేదు. సీజను ముగింపుకు వచ్చినా అది పోలేదు. సాయంత్రం కాగానే ఒళ్ళు వెచ్చబడేది. చొక్కా కాలరు మెడకు వదులైంది. ఒకరోజు మిల్లులో పత్తి బేళ్ళ వెనక్కి పోయి దగ్గుతుంటే రుమాలులో ఎర్రగా కనిపించింది. ఆ రుమాలును బాయిలరు పొయ్యిలో పడేసి, ముఖం కడుక్కుని, వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పుడే నాకు తెలిసిపోయింది.

ఊళ్ళో డాక్టరు దగ్గరికి పోతే సాయంత్రానికి సందంతా తెలుస్తుందని, మిల్లు పని మీద పోతున్నట్టు చెప్పి గుంటూరు బస్సెక్కాను. పెద్దాసుపత్రి వరండాలో సిమెంటు బెంచీలు. మాట్లాడేవాళ్ళు తక్కువ, దగ్గేవాళ్ళు ఎక్కువ. నేను తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని ఒక మూల కూర్చున్నాను. పక్కన అచ్చంపేట నుంచి వచ్చిన మిరపరైతు ఒకాయన, పండు ముసలి, జబ్బు తనకు చుట్టమన్నంత ధీమాగా ఉన్నాడు.

"ఏ ఊరబ్బాయ్?"

"పేట."

"టీబీయేనా?"

ఆయన గొంతుకు వరండా సగం మావైపు తిరిగింది. "మెల్లగా మామా," అన్నాను.

"ఎందుకు మెల్లగా? నేను బస్సెక్కంగానే చెప్తా, నాకు టీబీ ఉందయ్యోవ్ అని. దెబ్బకు ముగ్గురి సీటు ఖాళీ చేసి ఇస్తారు. కాళ్ళు జాపుకుని వస్తా." నవ్వీ నవ్వీ దగ్గాడు, నోటికి తువ్వాలు గట్టిగా అడ్డం పెట్టుకుని. తర్వాత లేచి, "నువ్వు ఇట్టా కిటికీ దగ్గరికి రా, గాలి ఆడుద్ది," అని తన చోటు నాకిచ్చాడు.

ఆ రోజు నాకు దొరికిన మంచి అదొక్కటే. నాకది చిరాకుగా ఉండింది.

ఫోటో చూశాక డాక్టరుగారు నిదానంగా, ప్రతి మాటా నాకు ఎక్కేలా చెప్పారు. ఏడాదిన్నర మాత్రలు వేసుకోవాలి. బాగుందని మధ్యలో మానకూడదు. ఇంట్లో చెప్పాలి, భార్యను తీసుకువచ్చి చూపించాలి. కొన్నాళ్ళు జనంలో కూర్చోకూడదు, కిటికీలు తీసి ఉంచాలి. ఊసినది మూత ఉన్న డబ్బాలో ఊసి, ఫినాయిలు పోసి, కాల్చెయ్యాలి. అన్నిటికీ తల ఊపాను.

బస్సు ఫిరంగిపురం దాటి, కొండవీటి కొండలు వెనక్కి పోతున్నప్పుడు, ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకున్నాను.

ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక జవాబుంది, అది కూడా నా సిగ్గే. కొన్నేళ్ళ కిందట మా మిల్లులో కాటా దగ్గర పనిచేసే వెంకయ్యకు ఇదే జబ్బు వచ్చింది. అతని ఇంటికి ఎవరూ పోవడం మానేశారు. మానేసినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. అతను ఎదురొస్తే సందు మారేవాణ్ణి. జనం ఏం చేస్తారో నాకు అంత బాగా తెలియడానికి కారణం, ఆ జనంలో నేనూ ఒకణ్ణి కావడం. మా వసారా అట్లా ఖాళీ అయిపోతే బతకలేననిపించింది. రాజ్యం కోసమే దాచానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఎనభై నాలుగు వేసవి

మాత్రలు మిల్లులో నా సొరుగులో దాచి అక్కడే వేసుకునేవాణ్ణి. అది తేలికే. కష్టమల్లా కఫంతో వచ్చింది. మూత ఉన్న డబ్బా ఇంట్లో పెట్టుకుంటే రాజ్యం అడుగుతుంది, వచ్చినవాళ్ళు చూస్తారు. వీధిలో ఊస్తే అందులో ఎరుపు కనపడుతుందేమోనని భయం. అందరూ క్యారమ్ బోర్డు మీద వంగి ఉన్నప్పుడు దగ్గు తెర వస్తే, మొక్కలకు నీళ్ళున్నాయో లేదో చూస్తున్నట్టు లేచి, వసారా చివరికి పోయి, ఒక క్రోటన్ డబ్బాలో ఊసి, వేలితో మట్టి కప్పేవాణ్ణి. మొదట్లో ఎవరైనా చూశారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగేవాణ్ణి. తర్వాత అలవాటైంది. ఏ డబ్బాలో మట్టి వదులుగా ఉంటుందో కూడా నాకు తెలిసిపోయింది.

మాస్టారు ఒకసారి మెచ్చుకున్నారు కూడా. "మొత్తానికి మీకూ మొక్కల మీద ధ్యాస కలిగిందండీ."

రాజ్యం లోపలి నుంచి విని సంబరపడింది. "నిన్నటిదాకా పిచ్చిపనన్నారుగా. ఇప్పుడేమంటారో?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఈ రోజుకీ నా ముఖం నాకే అసహ్యమనిపిస్తుంది.

ఆ వేసవిలోనే ఒక సాయంత్రం మస్తాన్ భార్య నూర్జహాన్ వచ్చింది. రాజ్యం కింద కూర్చుని క్రోటన్ డబ్బాలో మట్టిని చేత్తో పెళ్ళగిస్తోంది. మట్టిని పుల్లతోనో గరిటెతోనో తవ్వడం ఆమెకు నచ్చదు, వేళ్ళు పెట్టి గుల్ల చేస్తుంది. తడి ఉందో లేదో చూడడానికి పిడికిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.

"ఏం వదినా, మాకిచ్చే మొక్కేనా?" అంది నూర్జహాన్.

"ఇదే. కొమ్మ ఒట్టిగా ఇస్తే నువ్వు చంపేస్తావు. ఈ మట్టితో సహా పట్టుకుపో."

"చంపేది నేనా? మీ తమ్ముడు దాంట్లో గ్రీజు చేతులు కడుగుతాడు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ డబ్బా నేను పొద్దున వాడిన డబ్బా. "అది వద్దు, వేరేది ఇవ్వు," అనాలి. అంటే ఎందుకని అడుగుతారు. నేను క్యారమ్ పిక్కలు సర్దుతూ ఉండిపోయాను. షమీమ్ ఆ డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని తీసుకుపోయింది.

వానాకాలం వచ్చేసరికి ఒంటికి కండ పట్టింది, దగ్గు తగ్గింది. జబ్బు పోయిందనుకున్నాను. గుంటూరు పోవడం, మాత్రలు, రెండూ మానేశాను. ఆ రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. వసారాలో చూరు నుంచి వాన ధార కడుతుంటే, వేడి టీ, రేడియోలో నాటకం, మస్తాన్ వేళాకోళాలు. ఆ హాయిని మళ్ళీ ఒక దగ్గు తెర చెడగొట్టింది. నేను మళ్ళీ క్రోటన్ల దగ్గరికి నడిచాను.

ఎనభై నాలుగు చివర

రాజ్యానికి సాయంత్రాలు జ్వరం తగలడం మొదలైంది. జాకెట్టు భుజాల మీంచి జారేది. మొక్కలు మోసేటప్పుడు మధ్యలో డబ్బా దించి ఆయాసపడేది. దగ్గును కొంగులో పెట్టి నొక్కేసేది, వచ్చినవాళ్ళకు ఇబ్బందని.

నాకు తెలుసు. అందరికంటే ముందు నాకే తెలుసు. "నీరసం, పాలు తాగు," అన్నాను. బలానికి టానిక్కు తెచ్చిచ్చాను. అట్లా ఎన్ని వారాలు గడిపానో లెక్క పెట్టుకోవడానికి ఇష్టపడను. దాచడం ఒక తప్పు. ఆమె నా కళ్ళముందు చిక్కిపోతుంటే చూస్తూ కూర్చోవడాన్ని ఏమనాలో నాకు తెలియదు.

చివరకు నూర్జహాన్ నన్ను గుమ్మంలోనే నిలేసింది. "ఏందన్నా, వదిన ఎండు కట్టెలాగా అయిపోతా ఉంటే నీకు కళ్ళు కనపట్టంలా? రేపు నువ్వు గుంటూరు తీసుకుపోతావా, నన్ను తీసుకుపొమ్మంటావా?"

మళ్ళీ అదే వరండా, అవే బెంచీలు. నేను వేరే డాక్టరు దొరికితే బాగుండునని మొక్కుకుంటూ కూర్చున్నాను. రాజ్యం నా భుజానికి ఆనుకుని, "మీకు పని పోయింది, నావల్ల," అంది. నేను డాక్టరు గది తలుపు వైపే చూస్తున్నాను.

లోపల ఆ డాక్టరుగారే ఉన్నారు. రాజ్యం ఫోటో చూశారు, నన్ను చూశారు.

"మిమ్మల్ని ఎక్కడో చూశాను. మీకు మందులు మొదలుపెట్టింది నేనే కదూ? మధ్యలో రావడం మానేశారు. ఈవిణ్ణి అప్పుడే తీసుకురమ్మన్నానే."

రాజ్యం నా వైపు తిరిగింది. అరవలేదు, ఏడవలేదు. తెలియని మనిషి ఎవరో తన పక్కన కూర్చున్నట్టు చూసింది.

ఆమెకు రెండు పక్కలా పట్టిందనీ, ఆలస్యమైందనీ, మందులు ఒంటికి పడితే గట్టెక్కుతుందనీ డాక్టరుగారు చెప్పారు. ఆ "పడితే" అన్న మాట నా చెవుల్లోనే ఉండిపోయింది. నాకూ మందులు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

బస్సులో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. ఇంకా సగం దారి ఉందనగా, బయటికి చూస్తూనే అడిగింది.

"రెండు గదుల ఇల్లు. నాకెట్టా తెలీకుండా దాచారు? ఎక్కడ ఊసేవాళ్ళు?"

చెప్పక తప్పలేదు. "నీ మొక్కల్లో."

ఆమె తన రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని చూసుకుంది. ఇల్లు చేరాక చెప్పులు కూడా విప్పకుండా అన్న మొదటి మాట, "ఎవరెవరికి ఇచ్చానో! షమీమ్ చేతికిచ్చానే."

"రేపు నెమ్మదిగా ఆలోచిద్దాం," అన్నాను.

"ఆలోచించేదేం లేదు. నేను మొక్కిచ్చిన ప్రతి ఇంటికీ మీరు పోయి చెప్పాలి, మీ నోటితో. అందరూ ఫోటో తీయించుకోవాలని చెప్పాలి. మీరు చెప్పొచ్చేదాకా నేను ఈ మాత్ర ముట్టను."

మందుల పొట్లం కట్టు విప్పకుండా అలమరలో పెట్టింది. ఆమె అన్న మాట చేస్తుందని నాకు తెలుసు.

సందులో నా తిరుగుడు

ముందు షెడ్డుకే పోయాను. మస్తాన్ లారీ కింద దూరి ఉన్నాడు, మోకాళ్ళ కింది భాగం మాత్రం బయటికి కనపడుతోంది.

"మస్తాన్, ఒకసారి బయటికి రా."

"చెప్పన్నా, ఈడ్నుంచి ఇంటున్నా. నట్టు చేతిలో ఉంది, వదిలితే మూతి మీద పడుద్ది."

అతను బయటికి వచ్చేదాకా ఆగితే నాకు నోరు పెగలదని తెలుసు. ఆ కాళ్ళకే చెప్పాను. జబ్బు గురించి, మాత్రల గురించి, మొక్కల గురించి, రాజ్యం గురించి. మధ్యలో ఎక్కడో పానా చప్పుడు ఆగిపోయింది. నేను ముగించాక బయటికి వచ్చి, గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"మా పిల్ల రోజూ నీ పక్కనే గదన్నా కూర్చునేది."

"అవును."

"తెలిసి కూర్చోబెట్టుకున్నావ్."

"అవును."

"ఒక్కటి పీకాలనుంది. పీకితే పడి చస్తావ్, మళ్ళీ నేనే మొయ్యాల." గుడ్డను లారీ చక్రం మీదికి విసిరేశాడు. "గుంటూరుకు పొద్దున మొదటి బస్సు ఎప్పుడు?"

మాస్టారు నా మాటలన్నీ మర్యాదగా విన్నారు. "చెప్పారు, మంచిది," అని తలుపు వేసుకున్నారు. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఒకావిడ తిట్టింది. ఇంకొకాయన మా మీద జాలిపడ్డాడు, తిట్టే నయమనిపించింది. అందరికీ చెప్పి ఇంటికి వచ్చేసరికి రాజ్యం అలమర తెరిచి, పొట్లం విప్పి, మాత్ర నోట్లో వేసుకుంది. ఆ రోజు మేమిద్దరం ఒకే చెంబులోంచి నీళ్ళు వంచుకుని మాత్రలు మింగాం.

పొద్దున తలుపు తీస్తే మా గుమ్మం ముందు డబ్బాలు. రాజ్యం ఇచ్చినవన్నీ తిరిగి వచ్చాయి. ఎవరు ఎప్పుడు తెచ్చి పెట్టిపోయారో తెలియదు. కొందరు గోడ పక్కన ఒద్దికగా పెట్టారు, కొందరు విసిరేసినట్టు పడేశారు. వాటిలో ఒక క్రోటన్ మా ఇంటి తల్లి మొక్క కన్నా ఏపుగా, ఎర్రటి చారలతో, ఆమె నడుమంత ఎత్తు పెరిగి ఉంది. రాజ్యం దాని ముందు కూలబడింది.

"వాళ్ళింట్లో ఎంత బాగా పెరిగిందో చూడండి," అంది. అన్నాళ్ళలో ఆమె ఏడవగా చూడడం అదే మొదలు.

నూర్జహాన్ డబ్బా మాత్రం రాలేదు. పిట్టగోడ మీంచి ఆమే కేకేసి చెప్పింది, "మొక్కని దగ్గమను వదినా, అప్పుడు తిరిగిస్తా."

ఆ పొద్దున మొదటి బస్సుకే షమీమ్‌ను తీసుకుని మస్తాన్, నేను గుంటూరు పోయాం. బెంచీ మీద మా ఇద్దరి మధ్య పిల్ల కూర్చుంది, బస్టాండులో కొన్న జామకాయ కొరుకుతూ. ఫోటో గదిలోకి పిల్లను తీసుకుపోయాక మస్తాన్ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి నేల చూస్తూ కూర్చున్నాడు. నా జబ్బులో నేను ఎన్నిసార్లు భయపడ్డానో, అన్నీ కలిపినా ఆ కాస్సేపటికి సాటిరావు. పిల్లకేమైనా అయితే ఇక ఆ మనిషి పక్కన కూర్చునే ముఖం నాకు ఉండదు. కూర్చోవడం మాట అటుంచి, బతికి ఉండడానికే ముఖం ఉండదు.

పిల్ల ఛాతీ శుభ్రంగా ఉందని డాక్టరుగారు చెప్పారు. ముందుజాగ్రత్తకు కొన్ని నెలలు మాత్రలు వెయ్యమన్నారు. మొక్కల సంగతి నేనే అడిగాను. మట్టికన్నా గాలే ప్రమాదమనీ, ఎండ తగిలే మట్టిలో ఆ పురుగు ఎక్కువ కాలం బతకదనీ, తలుపులేసిన గదిలో నేను ఆమె పక్కన దగ్గిన దగ్గే ఆమెకు జబ్బు తెచ్చి ఉంటుందనీ ఆయన అన్నారు. మస్తాన్ ఊపిరి వదిలాడు. నాకు మాత్రం అందులో ఊరట దొరకలేదు. మట్టి దగ్గర దాచాను, పడక మీద కూడా దాచాను. ఏ దాపరికం ఆమెను కాటేసిందన్నదే తేడా.

షమీమ్ జబ్బు లేని పిల్ల. నా మూలంగా అన్ని నెలలు మాత్రలు మింగింది. మింగనని మారాం చేస్తే మస్తాన్ తిట్టే తిట్లు మా వసారాలోకి వినపడేవి. అవి నన్నే తిడుతున్నట్టు వినేవాణ్ణి.

ఎనభై ఐదు

ఆ ఏడాది చాలా నెలలు మా ఇంటికి ఎవరూ రాలేదు. సాయంత్రం అయ్యేసరికి అలవాటుకొద్దీ నా చెవులు వీధి వైపు తిరిగేవి. క్యారమ్ బోర్డు గోడకు ఆనించి ఉండేది. డబ్బాల్లో మట్టినంతా నేనే గుమ్మరించి, పెరట్లో పలచగా పరిచి, నెలల తరబడి ఎండనిచ్చాను. మొక్కల వేర్లు కడిగి కొత్త మట్టిలో పెట్టాను. సగం చచ్చిపోయాయి. మధ్యాహ్నాలు మిగిలినవాటిని లోపలికి మోసే పని నాదైంది. అప్పుడు తెలిసింది, తడి మట్టి నిండిన డబ్బా ఎంత బరువో. జబ్బుతో ఉండి కూడా ఆమె వాటిని మోసింది.

మందులు రాజ్యానికి పడలేదు. తిన్నది నిలిచేది కాదు, పెదవులు పగిలాయి, కాళ్ళలో మంటలు. చూస్తుండగానే మంచానికి అంటుకుపోయింది. నూర్జహాన్ గోడ మీంచి గంజి గిన్నె అందించి, "తాగకపోతే గోడ దూకి వచ్చి తాగిస్తా," అని బెదిరించేది. రాజ్యం నవ్వేది ఆమె మాటలకే. నాతో అవసరానికి మించి మాట్లాడేది కాదు.

ఒకరోజు మాత్ర చేతికిస్తే దూరంగా నెట్టింది.

"ఇక నా వల్ల కాదు. మానేస్తా."

"మానకూడదు రాజ్యం. మధ్యలో మానితే తిరగబెడుతుంది. నాకు తెలుసు."

"మీరు మానేసినప్పుడు నేనేమన్నా అడిగానా?"

"నీకు తెలియదు గదా."

"అదే అంటున్నా. నాకు తెలిస్తే మాననిచ్చేదాన్నా?"

మాత్ర అరచేతిలో పెట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. బతిమాలే హక్కు కూడా నేను పోగొట్టుకున్నానని అప్పుడు అర్థమైంది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చినా లేవలేదు. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు పడుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"ఇవ్వండి. మీ కోసం కాదు. నేను బతకాలని వేసుకుంటున్నా."

ఆ మాటే మమ్మల్ని గట్టెక్కించిందని నా నమ్మకం. గుంటూరులో మందు మార్చారు. మార్చాక కడుపులో నిలవడం మొదలైంది. ఎండలు ముదిరేసరికి గోడ పట్టుకుని వసారాలోకి వచ్చింది. వానలకు చిన్న డబ్బా ఎత్తగలిగింది. ఇంతలో ఒక సాయంత్రం మస్తాన్ వచ్చి, పిలవకుండానే క్యారమ్ బోర్డు కిందికి దించి, పిక్కలు పేర్చాడు. షమీమ్‌ను తీసుకురాలేదు. నేను అడగలేదు. ఇప్పటికీ ఆ పిల్ల గోడ అవతలి నుంచే నన్ను పలకరిస్తుంది.

ఇప్పుడు

జబ్బు పోయాక రాజ్యం ఒక పద్ధతి పెట్టింది. మా ఇంటికి కొత్తవాళ్ళెవరు వచ్చినా, టీ తాగకముందే సంగతి చెప్పెయ్యాలి. "మాకు టీబీ వచ్చింది, తగ్గింది, డాక్టరు రానక్కర్లేదన్నాడు. టీ తాగుతారా?" అని తనే అడిగేది. కొందరు తాగేవాళ్ళు, కొందరికి అప్పటికప్పుడు పని గుర్తొచ్చేది. ఎవరు ఏం చేసినా ఆమె ముఖం మారేది కాదు. నేను మాత్రం ప్రతిసారీ చూపు తిప్పుకుని, మనీప్లాంటు ఆకులు లెక్కపెట్టేవాణ్ణి. చెప్పే పని కూడా ఆమె మీదే వేశానని గుర్తించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మొన్నీమధ్య మాచర్ల నుంచి బదిలీ మీద వచ్చిన ఆంజనేయులు గారు మాకు రెండో పక్క వాటాలో దిగారు. సాయంత్రం పలకరించడానికి వచ్చి వసారాలో కూర్చున్నారు. మొక్కలు బాగున్నాయన్నారు. నేను టీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. రాజ్యం లోపల పకోడీలు వేస్తోంది. నూనె కాగుతోంది, ఆమె బయటికి రాలేదు. వంటింట్లోంచి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ బాణలి వైపు తిరిగింది.

ఆయన గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"ఒక్క మాట విని తాగండి," అన్నాను. "నాకు క్షయ వచ్చింది. ఎవరికీ చెప్పకుండా దాచాను. మందులు మధ్యలో మానేశాను. నావల్ల మా ఆవిడకు వచ్చింది, చచ్చి బతికింది. ఇప్పుడు ఇద్దరికీ తగ్గిపోయింది. మీరు తెలుసుకుని తాగాలని చెబుతున్నాను."

ఆయన గ్లాసు వైపు చూశారు. "అయ్యో, పాపం. తగ్గిందిగా, మంచిదే," అన్నారు. గ్లాసు మెల్లగా కింద పెట్టారు. "ఏమీ అనుకోకండి. మా ఇంట్లో పసిబిడ్డ ఉంది."

"అనుకోను," అన్నాను. నిజంగానే అనుకోలేదు. ఇలా లేచిపోయే అవకాశం నేను మస్తాన్‌కు ఇవ్వలేదు, రాజ్యానికి ఇవ్వలేదు. ఆయన చెప్పులు వేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళారు.

రాజ్యం పళ్ళెంతో బయటికి వచ్చింది. ఖాళీ కుర్చీని, నిండు గ్లాసును చూసింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"అంతానా?"

"అంతా."

కొంగుతో చెమట తుడుచుకుని, ఆ కుర్చీలో కూర్చుంది. ఆయన వదిలిన టీ తను తీసుకుంది. పళ్ళెం మా ఇద్దరి మధ్యకు జరిపింది.

"కూర్చోండి, ఇంకా నిలబడ్డారేంది? వేడి మీదే తినాల, ఆరితే సాగుతయ్."